కార్డు పెట్టని అమ్మాయి

ఆ రీడింగ్ హాల్లో ఆమెను అందరూ సీఐడీ అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. ఆమెకు తెలియదనుకునేవారు గానీ, అనుమానం మనిషికి చెవులు నాలుగు. మొదటి వారంలోనే తెలిసిపోయింది. తెలిసి బాధపడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసింది కూడా. దొంగలు తిరిగే చోట అమాయకురాలు అనిపించుకోవడం కంటే సీఐడీ అనిపించుకోవడమే నయమనుకుంది.

దొంగలు తిరుగుతున్న మాట నిజమే. నెల తిరక్కుండా ఆ హాల్లోంచి రెండు లాప్‌టాప్‌లు మాయమయ్యాయి. ఒకటి, ఒక్క నిమిషమే కదా అని మంచినీళ్ళ కోసం లేచిన ఒకామెది. రెండోది, దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయిన ఒక లా విద్యార్థిది. తల కింది వస్తువును లాగేస్తున్నా మెలకువ రానివాడికి రేపు కోర్టులో ఏం మెలకువ ఉంటుందో గానీ, ఆ గోల మనకెందుకు. ఆ మర్నాడు గోడకు నోటీసు అంటించారు, ఎవరి వస్తువులకు వారే బాధ్యులని. అంటించి, బాధ్యత తీరిపోయినట్టు చేతులు దులుపుకున్నారు.

హాలుకు మాత్రం తనదైన పద్ధతి ఒకటి ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. బయటికి వెళ్ళాల్సినవాళ్ళు తమ లైబ్రరీ కార్డు తీసి, పక్కన కూర్చున్నవారి పుస్తకం మీద పెట్టి వెళతారు. మాటా పలుకూ ఉండదు. కార్డు ఎవరి దగ్గర ఉంటే ఆ సామానుకు వాళ్ళే కాపలా. తిరిగొచ్చి కార్డు తీసుకుని తల ఊపితే సరి, లెక్క తీరిపోతుంది. పోయిన రెండూ కార్డు పెట్టకుండా పోయినవే. కార్డు పెట్టినది ఒక్కటీ పోలేదు.

ఆమె మాత్రం ఎవరి దగ్గరా ఏనాడూ కార్డు పెట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక చూడని మనిషి ముందు ఒక కార్డు ముక్క పడేసి, నా ప్రాణం చూస్తుండండి అని వెళ్ళడం ఏం తెలివి? కాపలా కాసేవాడే దొంగైతే? దొంగ చేతికి తాళమిచ్చినట్టు కాదా?

ప్రాణం అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆమె నత్తి మీద పరిశోధన చేస్తోంది. రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ముప్ఫై ఎనిమిది మంది పిల్లల గొంతులు రికార్డు చేసింది. మాట పెగలక ఏడ్చిన గొంతులు, తన పేరు తను చెప్పలేక తల బాదుకున్న గొంతులు. బళ్ళో ఒక్కరు విన్నా చాలు, ఆ పిల్లలు ఇక ఆ బడి గడప తొక్కరు. అందుకే యూనివర్సిటీ వాళ్ళు కట్టడి చేశారు: ఆ రికార్డులు ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉండాలి, పెన్‌డ్రైవులోకి గానీ ఇంటర్నెట్‌లోకి గానీ పోకూడదు. ప్రతి తల్లి ముందూ కూర్చుని ఆమె సంతకం చేసి మరీ మాటిచ్చింది. థీసిస్ ఇవ్వడానికి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. లాప్‌టాప్ పోతే చదువు పోతుంది, అది ఒక ఎత్తు. ఆ గొంతులు ఎవడి చేతిలోనో పడితే అది ఇంకో ఎత్తు.

అందుకని టీకి వెళ్ళినా, బాత్‌రూముకు వెళ్ళినా దాన్ని చంకనేసుకునే వెళ్ళేది. వాళ్ళక్క నర్సు. చెల్లెలి వాలకం చూసి నవ్వేది. "చంటిపిల్లను కూడా ఇట్లా మోయరే. ఎవరికైనా ఒక్క క్షణం ఇచ్చి చూడు, చేతులకు కాస్త ఊరట దొరుకుతుంది" అనేది. నీ ఆసుపత్రిలో మందులు బీరువాలో పెట్టి తాళం వేస్తారా, బల్ల మీద వదిలేస్తారా అని ఈమె అడిగేది. వేస్తామే, కానీ ఆ తాళంచెవి తర్వాత డ్యూటీకి వచ్చేదానికి ఇవ్వకుండా ఇంటికి పట్టుకురాను కదా అని అక్క. అక్కాచెల్లెళ్ళ వాదన ఏనాడు తెగింది గనక.

మోసి మోసి మెడ పట్టేసిన రోజున వెళ్ళి ఉక్కు తాడున్న తాళం కొనుక్కొచ్చింది. నాలుగు అంకెలు తిప్పితే గానీ తెరుచుకోని రకం. షాపతను అంకెలు ఎలా పెట్టాలో చూపిస్తానంటే, అటు తిరగండి అని అతని షాపులోనే అతన్ని గోడ వైపు తిప్పి, తనే పెట్టుకుంది. హాల్లో తన టేబుల్ కాలికి తాడు చుట్టి, రెండో కొస లాప్‌టాప్ పక్కనున్న కంతలో బిగించి, రెండుసార్లు లాగి చూసుకుంది. గొడ్డలితో కొట్టినా తెగదని డబ్బా మీద రాసి ఉంది. టేబుల్ కాలు నేల మీద ఊరికే ఆని ఉందని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఇక ఆమె అనుమానాలన్నిటికీ పెద్ద దిక్కు పక్క టేబుల్ పెద్దమనిషి. అరవై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, ముక్కు మీద జారే కళ్ళద్దాలు. దగ్గు మాస్టారని హాలు పెట్టిన పేరు. ఆయన ఎవరికీ ఏనాడూ పాఠం చెప్పలేదు, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. అయినా ఆ కళ్ళద్దాలకు మాస్టారన్న పేరే అతికింది. ఎవరైనా పలకరిస్తే చాలు, దగ్గు తెర కమ్ముకొచ్చేది. దగ్గి దగ్గి, ఒక్క ముక్కలో జవాబిచ్చి తల దించుకునేవాడు. ఒంటరిగా ఉంటే గంటలకు గంటలు దగ్గే లేదు. ఇది ఆమె కనిపెట్టింది. మనిషి పలకరిస్తేనే వచ్చే దగ్గు ఏం దగ్గు? ఏదో దాచేవాడి దగ్గే అయ్యుండాలి.

పైగా ఆయన చూపు. పుస్తకం తెరిచి పెట్టుకుని, అద్దాల పైనుంచి ఆమె లాప్‌టాప్ వంక చూసేవాడు. పెదాలు కదిలేవి. ఒకరోజు ఆమె మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేసరికి, ఆయన తన కుర్చీలోంచి ముందుకు వంగి మరీ స్క్రీను మీది అక్షరాలు చదువుతున్నాడు. తాళం వేసి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎత్తుకెళ్ళేవాడే అనుకుంది. ఒళ్ళు మండిపోయింది.

"మాస్టారూ, మీరు నా వైపు చూడటం మానెయ్యండి. నా స్క్రీను వైపు గానీ, నా బ్యాగు వైపు గానీ. ఇంకోసారి చూస్తే గార్డును పిలుస్తాను."

హాలంతా తలెత్తింది. ఆయన ముఖం జేవురించింది. చాలాసేపు దగ్గి, "సరేనమ్మా" అన్నాడు. అంతే.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే సీఐడీ ఎందుకవుతుంది? ఆ సాయంత్రమే లైబ్రేరియన్‌కు కాగితం రాసిచ్చింది. ఫలానా టేబుల్ దగ్గర కూర్చునే వ్యక్తి చదవడానికి రావడం లేదని, ఇతరుల సామాను మీద కన్నేస్తున్నాడని, పోయిన రెండు లాప్‌టాప్‌ల విషయంలో అతన్ని విచారించాలని. లైబ్రేరియన్ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, మాస్టార్ని గదిలోకి పిలిచి ఏదో చెప్పి పంపాడు. గదిలో చెప్పిన మాట గోడలు దాటడానికి ఎంతసేపు.

మర్నాడు మాస్టారు కుర్చీ తిప్పేసుకున్నాడు. ఆమె వైపు వీపు, కిటికీ వైపు ముఖం. ఆయనే కాదు, హాలంతా నేర్చుకుంది. ఆమె టేబుల్ పక్కనుంచి నడిచేవాళ్ళు నేల చూస్తూ నడిచారు. పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ మూల ఒక్క చూపు కూడా పడటం లేదని ఆమె నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. హాలంతటిలోకీ తన టేబులే భద్రమైన చోటు అనుకుంది.

ఇది జరిగిన ఐదో రోజు మధ్యాహ్నం ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. హాల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. మూడో అధ్యాయంలో ఏవో మార్పులు, బయటికొచ్చి మాట్లాడమన్నాడు. లాప్‌టాప్ తాళం లాగి చూసుకుని, అంకెలు అటూ ఇటూ తిప్పేసి, లైబ్రరీ బయటి మెట్ల మీదికి వెళ్ళింది. ఆ అధ్యాయం నత్తిని దాచుకునే తీరుల గురించి. మాట అడ్డం పడబోతున్నదని తెలియగానే కొందరు మాట మార్చేస్తారు, కొందరు ఏదో వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటారు, కొందరు ఆవలిస్తారు, కొందరు దగ్గుతారు. పెద్దవాళ్ళ ఉదాహరణలు లేవే అని ప్రొఫెసర్ విసుక్కున్నాడు. పెద్దవాళ్ళు దొరకరు సార్, బాగా దాచుకుంటారు అని ఆమె సంజాయిషీ చెప్పుకుంది. పది నిమిషాలు పట్టింది.

తిరిగొచ్చేసరికి టేబుల్ మీద నోటుపుస్తకం ఉంది, పెన్ను ఉంది. లాప్‌టాప్ లేదు. ఉక్కు తాడూ లేదు, తాళమూ లేదు. గొడ్డలితో కొట్టినా తెగని తాడును తెంపాల్సిన పనే పడలేదు. టేబుల్ కాలు కాస్త లేపి, చుట్టు కింది నుంచి జార్చి, తాళంతో సహా పట్టుకుపోయారు.

ఆమె వంగి టేబుల్ కింద వెతికింది. నా లాప్‌టాప్ ఏదీ అన్న కేక తన నోట్లోంచే వచ్చిందని కూడా తెలియలేదు. ఇరవై మంది తలలెత్తారు. ఎవరూ చూడలేదట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. మీ కార్డు మా దగ్గర లేదు కదండీ అని ఒకామె మెల్లగా అంది. మీ టేబుల్ వైపు చూడటం మానేశామండీ అని ఇంకొకతను. అందులో వెటకారం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

గార్డు పరిగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర బ్యాగులన్నీ తెరిచే చూస్తున్నానని, లాప్‌టాప్ గేటు దాటలేదని ఒట్టేసి చెప్పాడు. లైబ్రేరియన్ వచ్చాడు. టేబుల్ ఒక్కరి వల్ల లేచే బరువు కాదు, ఎవరో సాయం పట్టి ఉండాలి అన్నాడు.

కిటికీ వైపు కుర్చీలోంచి మాస్టారు లేచాడు. దగ్గాడు. "ఎత్తింది నేనే" అన్నాడు.

అంతే, గాలి మారిపోయింది. చూశారా, చూశారా అంది ఆమె. నేను ముందే రాసిచ్చాను, చదివి ఫైల్లో పడేశారు అని లైబ్రేరియన్ మీద ఎగిరింది. లైబ్రేరియన్ తన తప్పేమీ లేదని చూపించుకోవడానికి ఆమె కంటే గట్టిగా అరిచాడు. ఎవరితో కలిసి ఎత్తావు, ఎక్కడ దాచావు, వాడెవడు? గార్డు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు నోరు తెరిచాడు.

"ప... ప..."

పనివాడా, పక్కింట్లోనా, పడేశావా అని గార్డు అందించాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ అదే ప. అబద్ధం కూడబలుక్కుంటున్నాడు చూడండి అన్నాడు లైబ్రేరియన్. నిజం చెప్పేవాడికి తడబాటు ఎందుకొస్తుంది అన్నారెవరో వెనకనుంచి. ఆమె కూడా ఊరుకోలేదు. ఆయన ముఖంలోకి వేలు చూపించి, నా పిల్లల గొంతులు ఎక్కడున్నాయో చెప్పండి అని అరిచింది. గోడ గడియారం మూడూ పది దాటింది, మూడుంపావు దాటింది. ఒకరు అడిగి ముగించకముందే ఇంకొకరు అడుగుతున్నారు. ఆయన జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

అప్పుడు చూసింది ఆమె, ఆయన కుడి చెయ్యి తొడ మీద కొట్టుకుంటోంది. మెల్లగా, ఒకే లయలో. కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. దవడ బిగుసుకుని, మెడ నరం పైకి లేచి ఉంది. ఆ చెయ్యిని ఆమె ఎరుగును. ముప్ఫై ఎనిమిది మందిలో పందొమ్మిది మందికి ఉంది ఆ చెయ్యి. ఎప్పుడు కదులుతుందో, ఎందుకు కదులుతుందో పది పేజీలు రాసింది. ఆ పక్కనే దగ్గు గురించి నాలుగు పేజీలు రాసింది. పక్క టేబుల్ దగ్గర ఆర్నెల్లుగా దగ్గుతున్న మనిషి మాత్రం కనిపించలేదు. ఆయన ఆమె స్క్రీను మీద చదివింది నత్తి గురించి రాసిన మాటలనే. ఆ పెదాలు కదిలింది అందుకే.

అయినా అనుమానం అంత తేలిగ్గా వదిలే జబ్బా? నటిస్తున్నాడేమో అని లోపల్నుంచి ఇంకో గొంతు అంది. నటనైతే ఆ మెడ నరం లేవదు. ఆ సంగతి ఆ హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది.

"ఆగండి" అంది. "ఎవరూ మాట్లాడకండి. ఆయన చెయ్యి వదలండి. ఆయనకు నత్తి."

గార్డు వదిలాడు. ఆమె ఆయనకు ఎదురుగా వచ్చి, పిల్లల ముందు కూర్చున్నట్టే కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళలో వెయ్యిసార్లు అన్న మాటే మళ్ళీ అంది.

"తొందరేం లేదు మాస్టారూ. మీ మాట మీరే చెప్పండి. మేం వింటాం."

తొందర లేదనడం అంత కష్టమని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఒక్కో క్షణం గుండెల మీదుగా నడిచి వెళుతోంది. అయినా కదలకుండా కూర్చుంది.

"పై... పైకెళ్ళాడమ్మా" అన్నాడు ఆయన. "పాత పేపర్ల గదికి."

అందరూ మెట్ల వైపు పరిగెత్తారు. పై అంతస్తుకు ఎవరూ ఎక్కరు, పాత పత్రికలు కట్టలు కట్టి పడేసే చోటు. గది వెనక తలుపు తెరిచి ఉంది. దాని గొళ్ళెం ఏళ్ళ తరబడి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అది ఊడి నేల మీద పడి ఉంది, పక్కనే ఒక సుత్తి. తలుపు అవతల ఇనుప మెట్లు సన్నటి సందులోకి దిగుతున్నాయి. సందు మొదట్లో చెప్పులు కుట్టే మనిషి తలెత్తి చూశాడు. భుజానికి సంచి తగిలించుకుని ఒకతను దిగాడండీ, ఐదు నిమిషాలు కూడా కాలేదు, పైన చాలాసేపు ఏదో బాదిన చప్పుడైంది అన్నాడు. గార్డు సందు చివరి దాకా పరిగెత్తి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

గొళ్ళెం ఊడబీకడానికి వాడికి పావుగంటైనా పట్టి ఉంటుందని గార్డు లెక్క కట్టాడు. ఆ పావుగంటా దొంగ వాళ్ళ నెత్తి మీదే ఉన్నాడు. వాళ్ళు కింద మాస్టారితో వాదులాడుతున్నారు, ఆ గోలలో పైన బాదిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. లైబ్రేరియన్ పోలీసులకు ఫోన్ చేయడానికి వెళ్ళాడు. చేతులు కాలాక ఆకులు.

లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాక మాస్టారు మిగతాది చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు కాబట్టి అన్నీ చెప్పగలిగాడు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో పనిముట్ల సంచితో ఒకతను వచ్చాడట. టేబుల్ కింద కరెంటు పెట్టె చూడాలి, పెద్దాయనా, కాస్త పట్టండి అన్నాడట. పైన పాత పేపర్ల గదిలో కూడా పని ఉందన్నాడట.

"మీరు చూడొద్దన్నారు కదమ్మా. కిటికీ వైపు తిరిగే ఎత్తాను" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చింది. మీ మీద రాసిన కాగితం ఇప్పుడే వెనక్కి తీసుకుంటానని చెప్పింది. ఆయన చెయ్యి ఊపి, అది తర్వాత చూద్దాం, ముందు ఆ పిల్లల సంగతి చూడమన్నాడు.

ఆ పిల్లల నంబర్లు నోటుపుస్తకంలో ఉన్నాయి. ముప్ఫై ఎనిమిది. మొదటి నంబరు నొక్కింది. ఎనిమిదేళ్ళ పిల్లాడి తల్లి ఎత్తింది. లాప్‌టాప్ పోయిందండీ అంది ఆమె.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా అమ్మా?" అని అడిగింది తల్లి.

"ఉండేదండీ. ఏ పాపం ఎరగని పెద్దాయన మీద. ఆయన్ని పట్టుకుని మేం అరుస్తుంటే దొంగ దాటిపోయాడు."

"మా వాడి గొంతు బయట ఎవరైనా వింటారా?"

పాస్‌వర్డ్ ఉంది. పెద్దదే పెట్టింది. కానీ నాలుగంకెల తాళాన్నీ అట్లాగే నమ్మింది. "వినరని మాటివ్వలేనండీ" అంది.

"మిమ్మల్ని నమ్మే కదమ్మా ఇచ్చాం."

"అవునండీ" అంది ఆమె. తల్లి ఫోన్ పెట్టేసేదాకా చెవి దగ్గరే పట్టుకుని కూర్చుని, తర్వాత రెండో నంబరు నొక్కింది.